లక్ష్మీకాంతన్ హత్య: తేలని పద్దు

1944 నవంబరు 8వ తేదీన మదరాసు వేపేరిలో ఒకాయన రిక్షాలో వెళుతున్నాడు. మనిషి లాగే రిక్షాల రోజులవి. దారి కాచినవాళ్లు అతన్ని కత్తితో పొడిచి పారిపోయారు. రక్తం ఓడుతూనే అతడు తెలిసిన లాయరు ఇంటికి వెళ్లి, అక్కడి నుంచి జనరల్ ఆసుపత్రికి చేరాడు. మర్నాడు చనిపోయాడు. పేరు సి.ఎన్. లక్ష్మీకాంతన్. తమిళనాట పెద్దవాళ్లున్న ఏ ఇంట్లోనైనా ఈ పేరు ఒకసారైనా వినబడే ఉంటుంది. ఎనభై ఏళ్లు దాటినా, ఆ హత్య ఎవరి ప్రేరణతో జరిగిందన్న ప్రశ్నకు అందరూ ఒప్పుకునే జవాబు దొరకలేదు.

లక్ష్మీకాంతన్ సినిమా పత్రిక నడిపేవాడు. అంతకు ముందే ఫోర్జరీ కేసులో శిక్ష పడి జైలుకు వెళ్లివచ్చాడు. 1943లో ‘సినిమా తూదు’ అనే వారపత్రిక మొదలుపెట్టాడు. తూదు అంటే దూత. ఆ దూత మోసుకొచ్చే కబుర్లన్నీ నటీనటుల పడకగదుల కబుర్లే. జనం ఎగబడి కొన్నారు. పేరు అచ్చులో రాకుండా ఉండాలని తారలు డబ్బు ముట్టజెప్పారు. నేను లెక్కల మధ్య బతికినవాణ్ణి గనుక ఒక మాట చెప్పగలను. ఈ రకం రాబడికి ఏ ఖాతాలోనూ పద్దు ఉండదు. ఇచ్చినవాడు రసీదు అడగడు, పుచ్చుకున్నవాడు ఇవ్వడు. రేపు హత్య జరిగితే, ఎవరికి ఎంత కసి ఉందో చెప్పే కాగితం ఒక్కటీ దొరకదు.

యుద్ధకాలంలో కాగితానికి కరువు. ప్రభుత్వ అనుమతి లేనిదే పత్రిక వేయడానికి వీల్లేదు. లక్ష్మీకాంతన్ తప్పుడు కాగితాలతో పత్రిక నడిపించాడు. నటగాయకుడు ఎం.కె. త్యాగరాజ భాగవతార్, హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్, కోయంబత్తూరు సెంట్రల్ స్టూడియోకు చెందిన ఎస్.ఎం. శ్రీరాములు నాయుడు కలిసి గవర్నరు ఆర్థర్ హోప్‌కు అర్జీ పెట్టారు. ‘సినిమా తూదు’ ఆగిపోయింది. అయినా అతడు ఊరుకోలేదు. ‘హిందూ నేసన్’ అనే మరో పత్రిక చేతికి తీసుకొని పాత దారిలోనే నడిచాడు. కత్తిపోటు ఆ దశలోనే పడింది.

అర్జీ మీద సంతకాలు చేసిన ముగ్గురూ ముద్దాయిల వరుసలో చేరారు. తప్పుడు రాతలు రాస్తున్నాడని సర్కారుకు మొరపెట్టుకోవడం పౌరుడి హక్కు. కానీ హత్య జరిగాక ఆ మొరే పగకు ఆనవాలుగా కనబడింది.

భాగవతార్ అప్పటికి తమిళ తెర మీద మకుటం లేని మహారాజు. ఆ ఏటి దీపావళికి ‘హరిదాస్’ విడుదలైంది. బ్రాడ్వే థియేటరులో అది మూడు దీపావళులు చూసింది. మొదటి దీపావళికి బయట ఉన్న కథానాయకుడు మిగతా రెండు దీపావళులకూ జైల్లో ఉన్నాడు. 1944 డిసెంబరు చివరలో ఆయన్నీ కృష్ణన్‌నీ అరెస్టు చేశారు. ముద్దాయిలు మొత్తం ఎనిమిది మంది.

మదరాసు హైకోర్టులో జ్యూరీతో విచారణ జరిగింది. నాయుడి తరఫున వాదించడానికి బొంబాయి నుంచి కె.ఎం. మున్షీ వచ్చారు. తారలు స్వయంగా కత్తి పట్టారని ప్రాసిక్యూషన్ అనలేదు. కుట్రలో భాగస్వాములని అన్నది. కుట్రకు ముఖ్యమైన సాక్షి అప్రూవర్, అంటే తానూ నేరంలో ఉన్నానని ఒప్పుకొని క్షమాభిక్షకు బదులుగా మిగతావాళ్ల పేర్లు చెప్పేవాడు. 1945 మే నెలలో జ్యూరీ ఆరుగురిని దోషులంది. వారిలో భాగవతార్, కృష్ణన్ ఉన్నారు. శిక్ష యావజ్జీవ ప్రవాసం. నాయుడు బయటపడ్డాడు. తర్వాత పక్షిరాజా స్టూడియో పెట్టి, 1954లో తెలుగువారికి ‘అగ్గిరాముడు’ ఇచ్చింది ఆయనే.

న్యాయమూర్తి తీర్పు రాస్తే కారణాలు రాయాలి. జ్యూరీ కారణాలు చెప్పనక్కరలేదు. ఊరంతా ఒకే కథ చెప్పుకుంటున్నప్పుడు ఆ కథ జ్యూరీ గదిలోకి కూడా వెళుతుందా లేదా అన్నది ఎవరూ తేల్చలేరు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ విచారణకు చోటు లేకుండా పోయిందంటే దానికి ఇలాంటి సందేహాలూ కారణమే.

హైకోర్టులో అప్పీలు పోయింది. లండనులోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళితే, అప్పీలును తిరిగి విచారించమని అక్కడివారు వెనక్కి పంపారు. ఈసారి న్యాయవాది వి.ఎల్. ఎతిరాజ్. న్యాయమూర్తులు హాపెల్, షహాబుద్దీన్ సాక్ష్యాన్ని మొదటి నుంచీ తూచి చూసి, నమ్మదగింది కాదన్నారు. 1947 ఏప్రిల్‌లో భాగవతార్, కృష్ణన్ విడుదలయ్యారు. స్వాతంత్ర్యం ఇంకా నాలుగు నెలలు ఉంది. జైల్లో గడిచింది రెండేళ్ల పైమాటే.

కృష్ణన్ నిలదొక్కుకున్నాడు. నవ్వించడం మానలేదు. అణ్ణాదురై రాసిన ‘నల్లతంబి’లో 1949లో నటించాడు. భాగవతార్‌కు పాత వైభవం తిరిగి రాలేదు. సొంతంగా తీసిన ‘రాజముక్తి’ 1948లో వచ్చి పోయింది. దానికి మాటలు రాస్తూ జబ్బుపడ్డ గొప్ప తమిళ కథకుడు పుదుమైప్పిత్తన్ ఆ ఏడే కన్నుమూశాడు. కృష్ణన్ 1957లో, భాగవతార్ 1959లో పోయారు. ఇద్దరికీ యాభై నిండలేదు. నిర్దోషి అన్న తీర్పు జైలు తలుపు తెరవగలదు గానీ, పోయిన రెండేళ్లనూ, తప్పుకున్న నిర్మాతలనూ, అలవాటు మార్చుకున్న ప్రేక్షకులనూ వెనక్కి తేలేదు.

ఇక్కడిదాకా కథ అందరూ చెబుతారు. చెప్పనిది మరొకటుంది. తారలు విడుదలైన రోజున జనం సంతోషించారు, సంతోషించవలసిందే. కానీ వాళ్లు కాకపోతే మరెవరు అన్న ప్రశ్న గట్టిగా అడిగినవాళ్లు తక్కువ. చచ్చినవాడు బెదిరించి డబ్బు గుంజేవాడు గనుక, పాపం పండిందని ఊరు సరిపెట్టుకుంది. చట్టం దృష్టిలో ప్రాణం విలువ మనిషి మంచితనాన్ని బట్టి మారదు. అందరికీ ఇష్టమైనవాళ్లు ముద్దాయిలు, ఎవరికీ ఇష్టం లేనివాడు హతుడు. ఆ కేసులో అసలు ప్రశ్న మరుగున పడటానికి ఇంతకంటే వేరే కారణం అక్కరలేదు.

నిప్పు లేనిదే పొగ రాదని మనవాళ్లంటారు. లక్ష్మీకాంతన్ వ్యాపారమంతా ఆ సామెత మీదనే నడిచింది. అచ్చులో పొగ చూపిస్తే చాలు, నిప్పును చదివేవాళ్లే ఊహించుకునేవారు. అతడు పోయాక అదే సామెత తారలను దోషులను చేసింది. విడుదలయ్యాక కూడా ‘ఏదో ఉండే ఉంటుంది’ అన్నవాళ్లు ఉన్నారు. సామెత వంటింట్లో పనికొస్తుంది, సాక్షి బోనులో పనికిరాదు.

ఈనాడు అచ్చుకాగితం కరువు లేదు, లైసెన్సు బెడద లేదు. అరచేతిలో ఫోను ఉన్న ప్రతివాడూ ఒక ‘సినిమా తూదు’ నడపగలడు. ఎక్కడైనా హత్య జరిగిన సాయంత్రానికే హంతకుడి పేరు వీధివీధికీ తెలిసిపోతుంది. అలాంటి పేరు మన చెవిన పడినప్పుడు రెండు సంగతులు అడగాలి. దీనికి సాక్ష్యం ఏమిటి? చచ్చినవాడి పక్షాన మాట్లాడేవాళ్లెవరు? 1944లో మదరాసు ఈ రెండూ అడిగి ఉంటే, వేపేరి వీధిలో పారిన ఆ నెత్తుటి పద్దు ఈపాటికి తేలి ఉండేదేమో.