గిన్నె లేని మరుగు

మా నానాజాన్ ఖలాయి వేసేవారు. రాగి దేగ్‌లో పూత అరిగితే ఖానా జహర్ అవుతుందని అమ్మీని కోప్పడేవారు. "గిన్నె కూడా సాలన్‌లో కలుస్తుంది బేటీ" అనేవారు. ఈ మధ్య లేజర్ల తారీఖ్ చదువుతుంటే ఆ మాటే యాదికొచ్చింది.

యాఖూత్, నీలం రెండూ అసలుకు అల్యూమినియం ఆక్సైడే. రంగుల ఫరఖ్ అంతా కొద్దిపాటి మిలావట్ వల్ల. అల్ బిరూనీ వెయ్యేళ్ల కిందట జవాహిరాత్ మీద కితాబ్ రాసి, యాఖూత్ బరువును నీళ్లతో పోల్చి కొలిచాడు. అది కరగాలంటే 2327 కెల్విన్ కావాలి, అంటే దాదాపు 2054 డిగ్రీల సెల్సియస్. ఆ ఆగ్‌లో ఏ మూసలో పెట్టినా మూస కూడా కలవవచ్చు. అప్పుడు కొలిచింది రాయినా, మూసనా?

గాలిలో తేల్చడమే ఇలాజ్. 1923లో జర్మనీలో ఓటో ముక్ లోహాన్ని విద్యుదయస్కాంత బలంతో తేల్చే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. కానీ రాయిలో కరెంటు పారదు కదా! దానికి కింది నుంచి వాయువు ఊదాలి. వేడి చేయడానికి 1964లో బెల్ ల్యాబ్స్‌లో సి.కె.ఎన్. పటేల్ తయారుచేసిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ దొరికింది. 1966లో వచ్చిన డై లేజర్‌తో కావలసిన రంగు ఎంచుకునే సౌకర్యమూ కలిగింది. (1960లో మైమన్ వెలిగించిన మొట్టమొదటి లేజర్ యాఖూత్‌దే!)

1980లలో అమెరికాలో నార్డిన్, షిఫ్‌మన్ ఇవన్నీ ఒకచోట చేర్చారు. నీలం గోలీని ఆర్గాన్ ధార మీద తేల్చి, ఒక లేజర్‌తో 1800 కెల్విన్ నుంచి కరిగేదాకా వేడి చేశారు. మామూలుగా ఇంత వేడిని వస్తువు వెలుగు చూసి అంచనా కడతారు. నీలం దగ్గర అక్కడే ధోకా. పారదర్శకంగా ఉన్నంతసేపు అది తన వేడికి తగ్గ వెలుగు ఇవ్వదు, చూసేవాడికి చల్లగా కనిపిస్తుంది. కరగగానే ఒక్కసారిగా భగ్గుమంటుంది.

అందుకే వాళ్లు రాయితో పాటు దాని ఆవిరినీ చూశారు. అల్యూమినియం పరమాణువుకు నచ్చిన రంగు లేజర్ కొడితే అది ఆ వెలుగు మింగి తిరిగి చిమ్ముతుంది. ఉదాహరణకు 394.4 నానోమీటర్ల వెలుగు మింగి 396.2 దగ్గర చిమ్మగలదు. ఇదే ఫ్లోరసెన్స్. ఆ రోష్నీ ఎంతో చూస్తే ఆవిరి ఎంత లేచిందో, రాయి ఎంత కాగిందో తెలుస్తుంది.

నానాజాన్ కూడా దేగ్‌ను ముట్టుకుని చూసేవారు కాదు. చిటికెడు నౌసాదర్ చల్లి, పొగ లేచే తీరు చూసి, "హాఁ, ఇప్పుడు ఖలాయి అందుకుంటుంది" అనేవారు.