గడువు తేదీ నడిపిన శాసనం: అమెరికా ఆదాయపు పన్ను కోతల పొడిగింపు వివాదం

అధ్యక్షుడు బుష్ 2001లో తెచ్చిన పన్ను కోతల మీద వచ్చిన రాజనీతి పరిశోధనలో ఎక్కువ భాగం ఓటరు మనసును తవ్వడంతోనే సరిపెట్టుకుంది. ఈ ధోరణికి ఊతమిచ్చినవారు లారీ బార్టెల్స్. ఆయన 2005 వ్యాసం ‘హోమర్ గెట్స్ ఎ టాక్స్ కట్’ 2002 నాటి ఎన్నికల సర్వేను పట్టుకుని, అసమానత గురించి వాపోయే జనమే ధనికులకు మేలు చేసే కోతలను సమర్థించారని, తమ సొంత పన్ను భారం మీది గుర్రే అందుకు కారణమని తేల్చింది. ఆ లెక్కలతో నాకు పేచీ లేదు. 2001లో కోతలు ఎందుకు వచ్చాయో చెప్పిన వాదననే అవి ఎందుకు పోలేదన్న ప్రశ్నకూ జవాబుగా చెలామణీ చేయడంతోనే నా తగవు. జనాభిప్రాయం ఎటు మొగ్గినా కోతలు నిలిచాయి. వాటిని నిలబెట్టింది క్యాలెండరు.

2001 చట్టం సాధారణ మెజారిటీతో గట్టెక్కే రికన్సిలియేషన్ దారిలో సెనేట్ దాటింది. బడ్జెట్ కాలపరిమితి దాటాక లోటు పెంచకూడదన్న బర్డ్ నిబంధన ఉంది కాబట్టి, ఆ చట్టం మొత్తానికీ 2010 డిసెంబరు 31 గడువైంది. ఆ గడువు దగ్గరపడేనాటికి వైట్ హౌస్, ఉభయ సభలు డెమోక్రాట్ల చేతిలోనే ఉన్నాయి. రెండున్నర లక్షల డాలర్లు దాటిన కుటుంబాలకు పాత రేట్లు తెస్తానని అధ్యక్షుడు ఒబామా మాటిచ్చి ఉన్నారు. అయినా డిసెంబరులో అందరికీ రెండేళ్లు పొడిగించారు. సెనేట్‌లో 81–19. బదులుగా డెమోక్రాట్లకు దక్కింది నిరుద్యోగ భృతి 13 నెలల కొనసాగింపు, జీతాల పన్నులో ఏడాదిపాటు 2 శాతం పాయింట్ల తగ్గింపు.

అసలు సాక్ష్యం 2013 జనవరి 1. ఆ వేకువజామున సెనేట్ 89–8తో బిల్లును ఆమోదించేసరికి కోతల గడువు తీరి కొన్ని గంటలైంది. ప్రతినిధుల సభ రాత్రి పదకొండు ప్రాంతంలో 257–167తో ఒప్పుకుంది. రిపబ్లికన్లలో 85 మంది అవునన్నారు, 151 మంది కాదన్నారు. ముందురోజు ఇదే బిల్లుకు ఓటేస్తే నాలుగు లక్షల డాలర్లు దాటిన ఆదాయంపై 35 శాతాన్ని 39.6కు పెంచినట్టు. తెల్లారాక వేస్తే మిగతా అందరికీ పన్ను తగ్గించినట్టు! పన్ను పెంచబోమని రిపబ్లికన్లు చేసిన ప్రతిజ్ఞకు కాపలాదారైన గ్రోవర్ నార్‌క్విస్ట్ సంస్థ సైతం, కోతలు అప్పటికే రద్దయ్యాయి గనుక ఈ ఓటు మాట తప్పడం కాదని ప్రకటించింది. ఒక్క అక్షరం మారకుండా, తేదీ మారడంతోనే పెంపు తగ్గింపైంది. ఇందులో ఓటరు మనసుకు చోటెక్కడ?

లెక్కల మాటా అంతే. చట్టం ప్రకారం కోతలు పోతాయన్న ప్రాతిపదికన ఆ బిల్లు పదేళ్లలో దాదాపు 4 లక్షల కోట్ల డాలర్ల లోటు తెస్తుందని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం చెప్పింది. కోతలు ఎలాగూ ఉంటాయన్న ప్రాతిపదికన 60 వేల కోట్ల డాలర్లకు పైగా అదనపు రాబడి తెచ్చామని వైట్ హౌస్ చెప్పుకుంది. 2025లో పాత్రలు తారుమారయ్యాయి. రిపబ్లికన్లు తెచ్చిన 2017 కోతలు 2025 చివరకు ముగియాల్సి ఉండగా, సెనేట్ బడ్జెట్ కమిటీ అధ్యక్షుడు లిండ్సే గ్రాహం రెండో ప్రాతిపదికనే చేపట్టారు. మొదటి పద్ధతిలో 3.4 లక్షల కోట్ల డాలర్ల లోటు చూపిన పొడిగింపు బిల్లు, రెండో పద్ధతిలో లోటును కాస్త తగ్గించింది కూడా. ఒకనాడు తాము వాడిన కొలబద్దనే ఇప్పుడు డెమోక్రాట్లు కనికట్టు అన్నారు. ఉపాధ్యక్షుడు వాన్స్ ఓటుతో 51–50గా సెనేట్ దాటిన ఆ బిల్లు జులై 4న చట్టమైంది.

తర్వాత పొడిగించిన జీతాల పన్ను తగ్గింపు 2012 చివర చడీచప్పుడు లేకుండా ముగిసిన మాట నిజమే గానీ, అది మాంద్యం నాటి తాత్కాలిక ఊరట మాత్రమే. ఆదాయపు పన్ను విషయంలో మాత్రం ఒకటి తేలిపోయింది: గడువు పెట్టి ఇచ్చిన 2001, 2017 కోతలను కాంగ్రెస్ పూర్తిగా వెనక్కి తీసుకోలేదు. పార్టీల పోట్లాటంతా ఎంత ఆదాయం దగ్గర గీత గీయాలన్నదే.

2025 చట్టం టిప్పులకు, ఓవర్‌టైమ్‌కు కొత్త మినహాయింపులిచ్చింది. అవి 2028తో ముగుస్తాయి. అధ్యక్ష ఎన్నిక ఆ ఏడాది నవంబరులోనే.