పట్టము లేని జగజ్జెట్టి

ఉన్నిబంతితో ఆడెడు బాడ్మింటన్ మన గ్రామములందలి పెద్దలు ఎఱిఁగినదే. ఈకలబంతితో ఆడెడు బాడ్మింటన్‌లో అసమానుఁడైన చీనా క్రీడాకారుఁడు టాంగ్ షియెన్‌హూ చరిత్రమును నేఁడు మీకు విన్నవింతును.

ఈతఁడు 1942లో ఇండోనీసియాయందు చీనా కుటుంబమున జన్మించి, 1960లో చీనాకు వచ్చి చేరెను. ఆ కాలమున చీనా అంతర్జాతీయ బాడ్మింటన్ సంఘమున సభ్యదేశము కాదు. ఆ కారణమున ఇతఁడు థామస్ కప్పునందుఁగాని, లోకప్రసిద్ధమైన ఆంగ్లదేశపు పోటీయందుఁగాని ఆడ నోఁచుకొనఁడయ్యెను.

1965లో చీనా జట్టు డెన్మార్కునకు వెళ్లెను. ఆ దేశపు ఎర్లండ్ కోప్స్ సామాన్యుఁడు కాఁడు. 1958 మొదలు 1967 వఱకు ఆంగ్లదేశపు పోటీలో ఏడు పర్యాయములు గెలిచినవాఁడు. అట్టి వానిని టాంగు ఎదుర్కొని, ఒక ఆటలో 15–0గా ఓడించెను! ప్రత్యర్థికి ఒక్క పాయింటైనను దక్కలేదు. మేటి యెవ్వఁడో చూచినవారికిఁ దెలిసెను. విజేతల పట్టికలో మాత్రము ఇతని పేరు చేరలేదు.

1981లో చీనా ఆ సంఘమునఁ జేరునప్పటికి ఇతని ఆటప్రాయము గడచిపోయెను. అయినను ఇతఁడు నిరాశపడి యూరకుండలేదు. ఇండోనీసియాలోను, చీనాలోను శిక్షకుఁడై తన విద్యను పంచిపెట్టెను. ఇతనియొద్ద శిక్షణ పొందిన లిన్ డాన్ 2008, 2012 ఒలింపిక్ క్రీడలలో స్వర్ణపతకములు గైకొనెను. తొల్లి వాకిలి మూసిన సంఘమే 2002లో టాంగును తన కీర్తిశాలలోఁ జేర్చుకొనెను.

దేశముల నడుమ పొత్తు కుదరనిచో నష్టపడునది ఒక్కొక్కప్పుడు ఇట్టి నిర్దోషి. ఆ నష్టమును ఎవరు తీర్పఁగలరు? తనకు దక్కని పతకమును శిష్యునకు దక్కించుటయే ఇతఁడు కనుఁగొన్న మార్గమని నాకుఁ దోఁచుచున్నది.