పలెర్మోలో ఆరు రోజులు: బాద్‌షా శౌఖ్, రయ్యత్ నసీబ్

1908లో అల్లామా ఇక్బాల్ యూరప్‌లో చదువు ముగించుకుని ఓడలో వాపసు వస్తూ, దారిలో సిసిలీ దీవిని చూసి ఒక నజ్మ్ రాశారు. పేరు ‘సిఖిల్లియా’. ‘బాంగ్-ఎ-దరా’లో ఉంటుంది. ఉర్దూ చదివే ఇళ్లలో పెద్దవాళ్లకు యాద్ ఉండే ఉంటుంది. అదొక మర్సియా. అరబ్బుల తహజీబ్ వెలిగిన నేల చేజారిపోయిందన్న గమ్. ఢిల్లీ కోసం ఏడ్చిన దాగ్‌ను కూడా అందులో తలుచుకుంటారు ఇక్బాల్. ఆ దాగ్ దెహ్లవీ ఆఖరికి మన హైదరాబాద్‌కే చేరారు. 1905లో ఇక్కడే ఇంతెకాల్ అయ్యారు. ఆయన మజార్ నాంపల్లి యూసుఫైన్ దర్గాలో ఉంది.

ఇక్బాల్ సాబ్ ఓడ మీది నుంచి చూసిన ఆ దీవిలో మొన్న సెలవుల్లో మేము ఆరు రోజులు ఉండొచ్చాం. నేను, మా బేగం, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి. రోమ్, వెనిస్ ఏవీ పెట్టుకోలేదు. ఒక్కటే షహర్, సిసిలీ రాజధాని పలెర్మో. పొద్దున నాష్తా చేసి బయల్దేరడం, కాళ్లు నొప్పి పుడితే ఏదో మెట్ల మీద నీడన కూర్చోవడం, ఇదే మా ప్రోగ్రాం. తిరిగేకొద్దీ నాలో ఒక సవాల్ మొదలైంది. మనం దేనికోసం ఏడవాలి? పోయిన హుకూమత్ కోసమా, పోయిన మనుషుల కోసమా?

ముందు కొంచెం తారీఖ్. 827లో ఇప్పటి ట్యునీషియాను ఏలుతున్న అగ్లబీ అమీర్ల ఫౌజ్ సిసిలీ ఒడ్డున మజారా దగ్గర దిగింది. దానికి సర్దార్ అసద్ ఇబ్న్ అల్-ఫురాత్. ఆయన సిపాయి కాదు. ఖైరవాన్ ఖాజీ, ఫిఖ్ పండితుడు, వయసు మీద పడిన మనిషి. మరుసటి ఏడు సిరక్యూజ్ ముట్టడి నడుస్తుండగానే చనిపోయారు. 831లో పలెర్మో ముసల్మాన్ల చేతికి వచ్చింది. గ్రీకు మాట్లాడే క్రైస్తవుల నుంచి తల్వార్‌తో తీసుకున్న ఊరది. ఈ మాట మన పిల్లల దగ్గర దాచకూడదు. అగ్లబీల తర్వాత ఫాతిమీలు, వాళ్ల తరఫున కల్బీ అమీర్లు ఏలారు. 1072లో నార్మన్లు వచ్చి పట్టుకున్నారు. అంటే 240 ఏళ్లు.

అప్పుడు ఈ షహర్ పేరు బలర్మ్. 973లో ఇక్కడికొచ్చిన ముసాఫిర్ ఇబ్న్ హౌకల్ మూడొందలకు పైగా మసీదులున్నాయని రాశాడు. ఊరు పెద్దదే గానీ మనుషులు మాత్రం ఆయనకు నచ్చలేదు. పచ్చి ఉల్లిపాయలు తెగ తింటారు, అందుకే అఖల్ చెడిపోయిందన్నాడు. పిల్లలకు చదువు చెప్పే ఉస్తాదులను కూడా వదల్లేదు. ఇది చదివి వినిపిస్తే మా బేగం నవ్వింది. “మెహమాన్‌గా పోయి దస్తర్‌ఖాన్‌కు వంకలు పెట్టే రకం అన్నమాట” అంది.

ఆ బలర్మ్ మసీదులు ఇప్పుడు కనపడవు. మాటల్లో మాత్రం వినపడుతుంది. షహర్ నడుమ నిటారుగా సాగే పెద్ద వీధిని ఊరివాళ్లు ఇప్పటికీ ‘కస్సరో’ అంటారు. అది అరబీ ‘అల్-ఖస్ర్’, కోట. సముద్రం వైపు పాత మొహల్లా ‘కల్సా’. అది ‘అల్-ఖాలిసా’, ఫాతిమీల గవర్నర్ 937లో కట్టించిన సర్కారీ బస్తీ. సిసిలీ జబాన్‌లో పాపం పేదవాణ్ని ‘మిస్కీను’ అంటారు. శవపేటిక ‘తబ్బూతు’. నీటి ఊట ‘ఫవారా’. తోటలకు నీళ్లు నిలవ చేసే తొట్టి ‘జెబ్బియా’, నారింజ పువ్వు ‘జాగరా’. కస్టమ్స్ ఆఫీసును ఇటాలియన్‌లో ‘దొగానా’ అంటారు. ఎక్కడి మాటో తెలుసా? అరబీ ‘దీవాన్’. మన పల్లెల్లో జమీందారు కచేరీని ‘దివాణం’ అన్నామే, అదే మాట. ఒకటే లఫ్జ్ పడమటికి పోయి దొగానా అయింది, తూర్పుకొచ్చి దివాణం అయింది.

బల్లరో బజార్ మాకు బాగా నచ్చింది. చేపలు, నిమ్మకాయలు, ఆలివ్‌లు, అరుపులు, మన మోండా మార్కెట్ లాంటి హడావుడి. హలాల్ ఫికర్ ఉన్నవాళ్లకు అక్కడ ‘పనెల్లె’ మంచి ఆసరా. శనగపిండిని నీళ్లలో గట్టిగా ఉడికించి, పలచగా పరిచి, ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. నువ్వులద్దిన రొట్టెలో పెట్టి ఇస్తారు. పైన నిమ్మకాయ పిండుకోవడమే. ఆ మొహల్లాలో బంగ్లాదేశ్ దుకాణాలు చాలా ఉన్నాయి. ఉర్దూ, హిందీ కలిపి మాట్లాడితే పని జరిగిపోతుంది.

మూడో రోజు నార్మన్ల మహల్‌కు పోయాం. 1130లో పలెర్మోలో తాజ్ పెట్టుకున్న రెండో రోజర్ కట్టించుకున్న చర్చి లోపలుంది. గోడల నిండా బంగారు మొజాయిక్‌లు, ఈసా అలైహిస్సలాం బొమ్మలు, గ్రీకు, లాటిన్ రాతలు. తల పైకెత్తితే వేరే దునియా. కప్పంతా చెక్కతో చేసిన ముఖర్నస్, తేనెపట్టు గదుల్లా ఒకదానిపై ఒకటి. వాటి మీద వాద్యాలు వాయించేవాళ్లు, షత్రంజ్ ఆడేవాళ్లు, ఒంటెలు, నెమళ్లు. అంచుల వెంట కూఫీ అక్షరాల్లో అరబీ దువాలు. క్రైస్తవ బాద్‌షా గుడికి ముసల్మాన్ కారీగర్లు చేసిన కప్పు అది. దగ్గర్లోనే గోడ మీద 1142 నాటి రాతి ఫలకం ఉంది. రోజర్ చేయించిన నీటి గడియారం గురించి లాటిన్, గ్రీకు, అరబీ మూడింటిలో రాశారు.

రోజర్ శౌఖ్ అంతా ఇంతా కాదు. 1133-34లో ఆయన కోసం పలెర్మో కార్ఖానాలో కుట్టిన ఎర్ర పట్టు దుప్పటి అంచున అరబీ రాత, హిజ్రీ 528 తారీఖ్ ఉన్నాయి. అది ఇప్పుడు వియన్నాలో ఉంది. సబ్తా షహర్‌కు చెందిన అల్-ఇద్రీసీని దర్బార్‌కు పిలిపించుకుని దునియా భూగోళం రాయించాడు. వెండి పలక మీద నక్షా చెక్కించాడు. కితాబ్ 1154లో పూర్తయింది. దాన్ని ‘రోజర్ కితాబ్’ అని పిలిచేవారు. ఆ కితాబ్‌లోనే పలెర్మో దగ్గరి త్రాబియాలో గోధుమపిండితో ‘ఇత్రియా’ అనే సేవలు చేసి ఓడల్లో దూరదేశాలకు పంపుతారని ఇద్రీసీ రాశాడు. ఇటలీ పాస్తా తారీఖ్‌లో పాత గవాహీల్లో అదొకటి.

గైడ్లు ఇక్కడ ఆగి, మూడు మజ్‌హబ్‌లు కలిసి బతికిన స్వర్ణయుగం అంటారు. అందులో కొంత సచ్చాయీ ఉంది. ‘జీసా’ అనే మహల్ ఉంది, అసలు పేరు ‘అల్-అజీజా’. అందులో 1149 నాటి ఒక రాయి పెట్టారు. ఒక క్రైస్తవ పాదరీ తన అమ్మ అన్నా కోసం వేయించిన రాయి. లాటిన్, గ్రీకు, అరబీ, హీబ్రూ లిపిలో అరబీ, ఇలా నాలుగు రకాలుగా రాయించాడు. పక్కింటివాళ్లందరూ చదివి తన అమ్మను తలుచుకోవాలని కాబోలు. ఆ రాయి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను.

మా అమ్మాయి అడిగింది. “అబ్బా, అయితే ఈ రాజుల కింద మనవాళ్లు బాగానే బతికారా?”

దానికి జవాబు మహల్‌లో దొరకదు. ఐదో రోజు షహర్ పక్కనే కొండ మీదున్న మొన్‌రేయాలేకు బస్సులో పోయాం. రెండో విలియం, అంటే రోజర్ మనవడు, అక్కడ పెద్ద చర్చి, మఠం కట్టించాడు. మఠం ఖర్చులకు చుట్టుపక్కల ఊళ్లు రాసిచ్చాడు. భూమితోపాటు ఆ భూమి మీది మనుషులను కూడా. వాళ్లలో ఎక్కువమంది ముసల్మాన్లు. 1178, 1183లలో ఆ మనుషుల జాబితాలు తయారయ్యాయి. వాటిని ‘జరీదా’ అంటారు. మన ఉర్దూలో జరీదా అంటే పత్రిక, రిసాలా. అక్కడ జరీదా అంటే ఇంటి యజమానుల పేర్లు వరసగా రాసిన దఫ్తర్. అహ్మద్, హసన్, అలీ, యూసుఫ్. ఫలానావాడి కొడుకు, ఫలానా పని చేసేవాడు. మన మొహల్లా ఓటరు లిస్టులా ఉంటుంది. ఆ కాగితాలు ఇంకా భద్రంగా ఉన్నాయి. కప్పు చెక్కిన కారీగర్ల పేర్లు ఆ కప్పు మీద లేవు. మఠానికి రాసిచ్చిన రయ్యత్ పేర్లు మాత్రం ఒక్కటీ తప్పిపోకుండా ఉన్నాయి. ఒకప్పుడు ముసల్మాన్ అమీర్లు క్రైస్తవుల దగ్గర వసూలు చేసిన జిజియా, అదే పేరుతో, ఇప్పుడు ముసల్మాన్లు కట్టాల్సి వచ్చింది.

హజ్ నుంచి అందులూస్‌కు వాపసు పోతున్న ఇబ్న్ జుబైర్ సరిగ్గా ఆ కాలంలోనే, 1184 చివర, మెసీనా దగ్గర ఓడ పగిలి సిసిలీలో పడ్డాడు. పలెర్మో చూసి మురిసిపోయాడు. విలియంకు అరబీ చదవడం రాయడం వచ్చని, మహల్ పనులు ముసల్మాన్ల చేతిలోనే ఉన్నాయని రాశాడు. మసీదులున్నాయి, అజాన్ వినిపిస్తుంది, ఖాజీ ఉన్నాడు. జుమా ఖుత్బాకు మాత్రం ఇజాజత్ లేదు. ఈద్‌లకే ఖుత్బా. మహల్‌లో ఈమాన్ దాచుకుని బతికేవాళ్లను కూడా చూశాడు. త్రాపానీలో ఒక పెద్దమనిషి, తన చిన్న కూతుర్ని నికా చేసుకుని తమ ముల్క్‌కు తీసుకుపొమ్మని ఒక హాజీకి కబురు పెట్టాడు. బిడ్డ మళ్లీ కళ్లబడకపోయినా ఫరవాలేదు, ఈ భయం లేని చోట బతికితే చాలన్నది ఆ తండ్రి ఆలోచన. ఆ సంగతి చెబుతుంటే మా బేగం చెయ్యి వెళ్లి అమ్మాయి చెయ్యి పట్టుకుంది.

ఆ తండ్రి భయం ఊరికే పుట్టింది కాదు. 1161లోనే, మొదటి విలియం మీద దొరలు బగావత్ చేసినప్పుడు, పలెర్మో వీధుల్లో ముసల్మాన్లను చంపారు. ఇద్రీసీ వెండి నక్షా ఆ లూటీలోనే పోయిందంటారు. 1189లో రెండో విలియం వారసుడు లేకుండా చనిపోయాడు. మళ్లీ ఖతల్. బతికినవాళ్లు కొండలెక్కారు. తర్వాత వచ్చిన చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1220ల నుంచి, తిరగబడిన ముసల్మాన్లను వేలల్లో ఇటలీ దక్షిణాన ఉన్న లుచేరాకు తరలించాడు. అక్కడ వాళ్లు అతనికి నమ్మకమైన సిపాయిలయ్యారు. 1300లో అంజూ వంశపు రెండో చార్లెస్ లుచేరాను నాశనం చేసి, ఉన్నవాళ్లను గులాములుగా అమ్మించాడు.

ఈ కథ మొత్తం పలెర్మో పెద్ద చర్చి ఒక్కదానిలోనే కనిపిస్తుంది. ఒకప్పుడు జామే మసీదు ఉన్న చోటే దాన్ని కట్టారు. దక్షిణ ద్వారం దగ్గర ఎడమ స్తంభం మీద సూరా అఅరాఫ్‌లోని ఒక ఆయత్ చెక్కి ఉంది. అల్లాహ్ రాత్రిని పగటి మీద కప్పడం గురించిన ఆయత్. లోపల ఎర్రరాతి పేటికలో ఫ్రెడరిక్ ఉన్నాడు. 1781లో ఆ పేటిక తెరిచినప్పుడు అతని ఒంటి మీది అంగీ చేతులకు అరబీ అక్షరాల కుట్టు కనిపించింది. ముసల్మాన్లను ఊరు దాటించిన మనిషి అరబీ అక్షరాలు తొడుక్కుని సమాధిలో పడుకున్నాడు.

ఇదంతా చూశాక నాకు అర్థమైంది ఇది. మన ఖత్, మన కారీగరీ, మన వంట, మన పాట బాద్‌షాకు నచ్చడం వేరు. మన మనిషికి హక్కు ఉండడం వేరు. శౌఖ్ అనేది ఒక్క మనిషి గుండెలో ఉంటుంది. ఆ గుండె ఆగితే అదీ ఆగుతుంది. సిసిలీ ముసల్మాన్లకు విలియం మెహర్బానీ ఉంది, కానూన్ అండ లేదు. అందుకే అతని తర్వాత అరవై ఏళ్లు తిరక్కుండానే దీవి ఖాళీ అయింది. 831లో ఓడిన గ్రీకు క్రైస్తవుడికి కూడా గెలిచినవాడి దయే గతి. ఈ సబఖ్ ఏ ఒక్క ఖౌమ్‌దో కాదు.

ఆరో రోజు జుమా. పాత చర్చి భవనంలో ఇప్పుడు ట్యునీషియావాళ్లు నడిపే మసీదుకు పోయాం. ఇబ్న్ జుబైర్ వినలేకపోయిన జుమా ఖుత్బా విన్నాం. సఫ్‌లో నా పక్కన బంగ్లాదేశ్ కుర్రాడు. బజార్లో పండ్లు అమ్ముతాడట, ఊళ్లో అమ్మకు డబ్బు పంపుతాడట.

ఇక్బాల్ మర్సియా మీద నాకు ఎంతో అదబ్ ఉంది. ఆయన ఒక తహజీబ్ కోసం ఏడ్చారు. నాకైతే ఏడుపొచ్చింది జరీదాలోని అహ్మద్, హసన్‌ల కోసం, త్రాపానీ తండ్రి కోసం. సెలవుల్లో పిల్లల్ని గోల్కొండకైనా, పలెర్మోకైనా తీసుకుపోండి. ఎవరు కట్టారని అడిగితే చెప్పండి. దాని నీడలో బతికినవాళ్లు రాత్రి బేఫికర్‌గా నిద్రపోయారా అని కూడా వాళ్ల చేత అడిగించండి.