మన ఇంటి మ్యాపు మనకెప్పుడు చూపిస్తారు?



వీఆర్ అనగానే మాకు మొదట గుర్తొచ్చింది వి.ఆర్.పురం మండలమే! కాలేజీలో ఆ కళ్ళద్దాలు పెట్టుకున్నాకే వర్చువల్ రియాలిటీ అంటే ఏంటో అర్థమైంది. ఇంకా కట్టని రోడ్డు మీద కూడా నిలబడి చూడొచ్చు. ప్రభుత్వాలు తమ ప్లాన్లను జనానికి ఇలా ముందే చూపించి అభిప్రాయం అడగొచ్చంటున్నారు. అసలు ముందే చూపించే అలవాటు మన దగ్గర ఎప్పుడైనా ఉందా? హైదరాబాద్ పాతబస్తీ కథ చూద్దాం.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి 15 వేల మంది దాకా చనిపోయారంటారు. మరుసటి ఏడాది విశ్వేశ్వరయ్యను పిలిపించారు. తర్వాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఆ రోజుల్లోనే లియోనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరాన్ని గల్లీ గల్లీ, ఇల్లిల్లూ మ్యాపులకెక్కించారు. మ్యాపులో ఇల్లు ఉంది, కానీ నిర్ణయంలో ఇంటివాళ్ళు లేరు. సరే, అది నిజాం కాలం.

2024 సెప్టెంబరులో అదే మూసీ ఒడ్డున ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. ఇల్లు నదీగర్భంలో ఉందని ఆ గుర్తు. జనం రోడ్డెక్కారు. ఇది నిజాం కాలం కాదు కదా?

మనకిది కొత్త కాదు. పోలవరం ముంపు ఊళ్ళలో 41.15 కాంటూరు, 45.72 కాంటూరు అంటారు. అవి మీటర్లు. ఆ గీత మన గడపకి పైనుంచి పోతుందా, కిందనుంచా? 2022 జూలై వరదకి 41.15 లెక్కలో లేని ఊళ్ళు కూడా మునిగాయి. ఆ నీటిమట్టాన్ని వీఆర్‌లో పెట్టి చూపిస్తే, అంకెలు చదవడం రాని అవ్వ కూడా "మా ఇప్పచెట్టు మునిగింది, మీ లెక్క తప్పు" అని చెప్పగలదు.

ఇలాంటి ప్రయత్నాలు బయట జరిగాయి. 2012లో ఐక్యరాజ్యసమితి ఆవాస సంస్థ 'బ్లాక్ బై బ్లాక్' మొదలుపెట్టింది. అందులో బస్తీవాళ్ళే మైన్‌క్రాఫ్ట్ ఆటలో తమ వీధినో మైదానాన్నో కట్టి చూపిస్తారు. అంటే కళ్ళద్దాలు కూడా అక్కర్లేదు.

మా భయం వేరే ఉంది. ఎవరు తయారుచేస్తే వాళ్ళకి కావలసిందే కనబడుతుంది. ఒడ్డున తోటలు, దీపాలు చూపించి, అక్కడున్న ఇల్లు ఎటు పోయిందో చూపించకపోతే అది ఉత్త సినిమా. 1996 పెసా చట్టం ప్రకారం భూసేకరణకు ముందే గ్రామసభనో, తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలి. వీఆర్ తెచ్చినా ఆ 'ముందే' దగ్గరికే తేవాలి. కోయలో, గోండిలో అడిగిన ప్రశ్నలు, వద్దన్న మాట కూడా తీర్మానంలోకి ఎక్కాలి.

ముంపు మండలాల వాళ్ళు ఎవరైనా ఉంటే, మీ ఊళ్ళో కాంటూరు గీత ఎక్కడిదాకా అని చెప్పారో, 2022లో నీళ్ళు నిజంగా ఎక్కడిదాకా వచ్చాయో రాయండి. ఆ రెండూ ఒకే మ్యాపు మీద పెట్టాలనుకుంటున్నాం.