దేహప్రకృతి – వృత్తి అనుకూలత

పుట్టుకతో వచ్చిన వాత, పిత్త, కఫాల పాళ్లను బట్టి మనిషి ఒంటితీరును ఆయుర్వేదం దేహప్రకృతి అంటుంది. చరకసంహిత విమానస్థానం ఎనిమిదో అధ్యాయం దీన్ని వివరిస్తుంది. వాతప్రకృతి వారిది బక్కపలచని ఒళ్లు, కలత నిద్ర. పిత్తప్రకృతి వారు వేడికి తాళలేరు, ఆకలికి ఆగలేరు. కఫప్రకృతి వారు నిదానస్థులు, దృఢకాయులు. ఏ ప్రకృతికి ఏ ఉద్యోగం నప్పుతుందో చెప్పే పట్టిక మాత్రం అందులో లేదు. ఇప్పుడు ప్రచారంలో ఉన్న అలాంటి జాబితాలు ఆధునికులు కల్పించుకున్నవే.

పని ఒంటిని ఏం చేస్తుందన్నదే చరకసంహిత పట్టించుకున్న విషయం. సిద్ధిస్థానం పదకొండో అధ్యాయంలో వేదపండితులు, రాజసేవకులు, వేశ్యలు, వర్తకులు ఎప్పుడూ రోగాలతోనే ఉంటారని చెప్పి, కారణమూ చూపింది: వీళ్లు వేళకు తినరు, మలమూత్ర వేగాలను ఆపుకుంటారు, వర్తకులైతే కూర్చున్నచోటు నుంచి లేవరు. ప్రకృతి ఏదైనా ఈ బాధ తప్పదు. మరుగుదొడ్డి లేని ఇంజన్లలో గంటల తరబడి బండి నడిపిన లోకో పైలట్లకు ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. రాత్రి మేలుకుంటే రూక్షత (ఒంటిలో పొడిదనం) పెరుగుతుందని కూడా చరకసంహిత అంటుంది. అలవాటు లేని జాగరణ చేసినవారు మేలుకున్న కాలంలో సగమంత సేపు, మర్నాటి ఉదయం ఏమీ తినకుండా నిద్రపోవాలని వాగ్భటుడు అష్టాంగహృదయంలో విధించాడు. నైట్ డ్యూటీ దిగి ఇంటికి చేరేవారికి ఇంత సూటి సలహా అరుదు.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ ఇలాంటి డ్యూటీల మీద బతికే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర కుటుంబాలు అక్కడికి వలస వెళ్లి, ట్రాఫిక్ వంటి రైల్వే పేటల్లో స్థిరపడ్డాయి. ఎవరి ఒళ్లు ఏ పనికి పనికొస్తుందో అక్కడ తేల్చేది రైల్వే మెడికల్ పరీక్ష. ఇంజన్ ఎక్కాలంటే ఏ-వన్ వైద్య కేటగిరీ కావాలి: అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు, రంగులను పొరపడకుండా గుర్తించగలగడం. స్టేషన్ మాస్టరు, ట్రైన్ మేనేజరు (పూర్వపు గార్డు) ఏ-టూలోకి వస్తారు, గుమాస్తాలు సీ-టూలోకి. 1875లో స్వీడన్‌లోని లాగెర్లుండాలో జరిగిన రైలు ప్రమాదం తర్వాతే రంగుల చూపు పరీక్ష రైల్వేల్లో ఊపందుకుంది. సర్వీసులో ఉండగా చూపు తగ్గితే కేటగిరీ మారుస్తారు, జీతం తగ్గకుండా వేరే పని ఇస్తారు. లోకో పైలట్లకు, స్టేషన్ మాస్టర్లకు కంప్యూటర్ మీద మానసిక సామర్థ్య పరీక్ష కూడా ఉంటుంది. ఈ పరీక్షలు మనిషి స్వభావానికి పేరు పెట్టవు. పనికి కావలసిన శక్తి ఉందో లేదో కొలుస్తాయి.

ప్రకృతికి శాస్త్రీయ ఆధారం వెతికే పనీ సాగుతోంది. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) పరిశోధకులు 2015లో ప్రచురించిన అధ్యయనంలో పీజీఎం1 జన్యువుకు పిత్తప్రకృతితో సంబంధం కనిపించింది. అది జీవక్రియకు సంబంధించిన సంగతి, ఉద్యోగానికి సంబంధించినది కాదు. తిండి, నిద్ర, విశ్రాంతి సరిదిద్దుకోవడానికి ప్రకృతి జ్ఞానం పనికొస్తుంది. దాన్ని చూసి ఒకరికి ఉద్యోగం ఇవ్వడం, మరొకరికి కాదనడం సరికాదు.