తాత్పర్యం ముందు, అభిప్రాయం తర్వాత



"మావాడు బాగానే రాశాడు కదండీ, టీచరు మార్కులెందుకు తగ్గించినట్టు?" ఆరో తరగతి పిల్లలున్న మనవాళ్ళు నలుగురు కలిస్తే ఈ ప్రశ్న వస్తుంది. పాఠం చదివి సారాంశం రాయమంటే, పిల్లలు తమకి ఏం నచ్చిందో, ఏం నచ్చలేదో రాస్తారు. టీచరు అడిగింది రచయిత ఏమన్నాడని. ఈ తేడా వెనక నూరేళ్ళ పైచిలుకు చరిత్ర ఉంది.

1917లో న్యూయార్కు కొలంబియా విశ్వవిద్యాలయపు టీచర్స్ కాలేజీలో పనిచేసే ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరిశీలన ప్రచురించారు. ఆయన పిల్లలకిచ్చింది చిన్న పేరా. ఫ్రాంక్లిన్ అనే ఊళ్ళో 7 నుంచి 14 ఏళ్ళ పిల్లలంతా బడికి రావాలనీ, బాగా జబ్బు చేసినా, ఇంట్లో అంటువ్యాధి ఉన్నా, దారి నడవలేనట్టున్నా మినహాయింపనీ దాని సంగతి. ఇది దేని గురించి అని అడిగితే కొందరు "ఫ్రాంక్లిన్" అనేసి ఊరుకున్నారు. ఒక్క మాట మిగతా మాటలన్నిటినీ మింగేసింది! చదవటమంటే ప్రతి మాటకీ తగిన తూకం వెయ్యటం, అంటే ఆలోచించటమే అని ఆయన తేల్చారు.

1983లో ఆన్ బ్రౌన్, జీన్ డే అనే పరిశోధకులు సారాంశం రాసే పద్ధతిని సూత్రాలుగా విడగొట్టారు. అనవసరమైనది తీసెయ్యాలి. మళ్ళీ మళ్ళీ చెప్పింది తీసెయ్యాలి. కుక్క, పిల్లి, చిలక అని ఉంటే పెంపుడు జంతువులు అనాలి. ముఖ్యవాక్యం ఉంటే పట్టుకోవాలి, లేకపోతే సొంతంగా కట్టాలి. తీసెయ్యటం చిన్నపిల్లలకీ వచ్చింది గానీ, వాక్యం కట్టటం మాత్రం అన్నిటికంటే ఆలస్యంగా అబ్బింది. కాబట్టి మీ పిల్లలకి అది ఇంకా రాలేదని కంగారు పడకండి.

2010లో వచ్చిన కామన్ కోర్ ప్రమాణాలు దీన్ని తరగతుల వారీగా పెట్టాయి. నాలుగో తరగతిలో ముఖ్యభావం, సారాంశం. ఆరో తరగతికి సొంత అభిప్రాయం, తీర్పు కలపని సారాంశం. 40కి పైగా రాష్ట్రాలు వీటిని తీసుకున్నాయి. తర్వాత కొన్ని వదిలేశాయి, కొన్ని పేరు మార్చుకున్నాయి. టెక్సస్, వర్జీనియా అసలు చేరనేలేదు. కానీ ఈ అభ్యాసం మాత్రం బడుల్లో నిలిచింది.

మరి ఇది మనకి కొత్తా? మన మీమాంసకులూ వేదాంతులూ గ్రంథ తాత్పర్యం పట్టుకోవటానికి ఆరు గుర్తులు చెప్పారు. మొదలూ ముగింపూ కలిసే చోటు, పదే పదే వచ్చే మాట, కొత్తగా చెప్పిన విషయం, ఫలితం, మెచ్చుకోలు, యుక్తి. పాఠకుడి ఇష్టాయిష్టాలు అందులో లేవు. ఎదుటివాడి వాదాన్ని ముందు పూర్వపక్షంగా నిలబెట్టి, ఆ తర్వాతే సిద్ధాంతం చెప్పటం మన శాస్త్రగ్రంథాల పద్ధతి. అయితే మన బడుల్లో చాలామందిమి గైడులో తాత్పర్యం బట్టీ పట్టాం. పదార్థం చేతికొచ్చింది, పద్ధతి రాలేదు.

నేను ఐటీ కన్సల్టెంటుని. క్లయింటు రెండు గంటలు చెప్పింది పేజీలో పెట్టి, "మీరన్నది ఇదేనా?" అని అడగటం నా ఉద్యోగంలో సగం. ఆ పేజీలో నా సలహా కలిస్తే ఆయన మాట ఏదో, నా మాట ఏదో ఇద్దరికీ తెలీదు.

ఇళ్ళల్లో జరిగేదీ అదే కదా! అమ్మాయి ఏదో చెప్పబోతుంది, మనం సగంలోనే తీర్పు చెప్పేస్తాం. తనూ మన మాట అలాగే వింటుంది. రెండు దేశాల అలవాట్లు ఒకే వంటింట్లో ఉన్నప్పుడు, ఎదుటివారు ఏమన్నారో సరిగ్గా తిరిగి చెప్పగలగటం మార్కులకంటే పెద్ద విషయం.

అందుకని ఈ వారం ఒక పని చెయ్యండి. పిల్లలతో ఏదైనా ఒక పేజీ, తెలుగైనా సరే, ఇంగ్లీషైనా సరే, చదివించండి. "ఆయన ఏమంటున్నాడు?" అని ముందు అడగండి. "నువ్వేమంటావు?" అని తర్వాత అడగండి. ఈ రెండో ప్రశ్న మాత్రం మర్చిపోకండి సుమా! సెలవు.